బార్టన్ ఊటలకు ప్రయాణము: ముందుగా నీటి లెక్క

అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్న కుమారుని యొద్దకో, కుమార్తె యొద్దకో పోయి నాలుగైదు మాసములుండి వచ్చిన తల్లిదండ్రులు నేడు మన పట్టణములలో వీధికొకరైనను కనబడుచున్నారు. వారు మాతో ముచ్చటించునప్పుడు ఒక సంగతి తరచుగా వినవచ్చును. సెలవులు రాగానే పిల్లలు "ఆర్.వీ. అద్దెకు తీసికొందము, ఆస్టిన్ నగరమునకు పోయి బార్టన్ స్ప్రింగ్స్‌లో ఈదివత్తము" అందురు. ఆర్.వీ. యనగా నేమో, ఆ స్ప్రింగ్స్ ఎట్టివో అడుగుటకు మొగమాటపడి పెద్దలు మారుమాటాడక పెట్టె సర్దుకొందురు. చిక్కులన్నియు దారిలో తెలియును. అట్టి ప్రయాణమును ముందుగా ఆలోచించి ఎట్లు ఏర్పాటు చేసికొనవలెనో ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

మొదటనే ఒక మాట మనవి చేయుదుము. ఈ ప్రయాణమున ముఖ్యమైనది డబ్బు లెక్క కాదు, మైళ్ల లెక్కయు కాదు, నీటి లెక్క. మన యొద్దకు నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నది? మనము వాడి విడిచిన నీరు ఎచ్చటికి పోవుచున్నది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము తెలిసినవారు బండిలోను సుఖపడుదురు, ఊటకును కీడు చేయకుందురు.

ఇక బండి సంగతి. ఆర్.వీ. యనునది రిక్రియేషనల్ వెహికల్ అను ఆంగ్లనామమునకు పొడి అక్షరములు. మనము దానిని మోటారు ఇల్లు అనవచ్చును. పడకలు, వంటపొయ్యి, ఫ్రిజ్, స్నానపుగది, మరుగుదొడ్డి అన్నియు ఆ బండిలోనే అమర్చియుండును. వీనిలో పెక్కు రకములు కలవు. కొన్ని కారు వెనుక తగిలించి లాగుకొనిపోవు ట్రైలర్లు. కొన్నింటికి ఇంజనును ఇల్లును ఒక్కటియే. ఈ రెండవ రకమును ఏ, బీ, సీ అని మూడు తరగతులుగా చెప్పుదురు. ఏ తరగతి పెద్ద బస్సువంటిది. బీ తరగతి వ్యానువంటిది. సీ తరగతి లారీ చట్రముపై కట్టిన నడిమితరపు ఇల్లు, డ్రైవరు నెత్తిమీదుగా ఒక పడక ముందుకు పొడుచుకొని యుండును. కుటుంబములు సాధారణముగా అద్దెకు తీసికొనునది ఈ సీ తరగతి బండియే. దాని పొడవు రమారమి 25 మొదలు 30 అడుగులు. బరువు 26,000 పౌండ్లకు మించనంతవరకు టెక్సాసులో మామూలు కారు లైసెన్సుతోనే దానిని నడుపవచ్చును.

ఐనను కారు నడుపుటకును ఇల్లు నడుపుటకును భేదము గలదు. బండి ఎత్తు పదకొండు, పండ్రెండు అడుగులుండును. తీసికొనునప్పుడే ఆ ఎత్తును అడిగి, కాగితముపై వ్రాసి, డ్రైవరు కంటికెదురుగా అంటించుకొనుట మంచిది. వంతెనలు, పెట్రోలుబంకుల కప్పులు, చెట్ల కొమ్మలు కారు నడుపువానికి కానరాని శత్రువులు. ఒక గాలను పెట్రోలుకు ఎనిమిది, పది మైళ్లకు మించి నడుచునని ఆశింపరాదు. డాలసునుండి ఆస్టిన్‌కు సుమారు 195 మైళ్లు, హ్యూస్టనునుండి 165, సాన్ ఆంటోనియోనుండి 80 మైళ్లు. డాలసునుండి పోయి వచ్చుటకు నలువది, యేబది గాలన్లు పట్టునని ముందే లెక్క వేసికొనవలెను. ఆ మూడు నగరములలో రెంటిని ఆస్టిన్‌తో కలుపు 35వ నంబరు అంతర్రాష్ట్ర మార్గము ఆస్టిన్ నడుమనుండి పోవును. అచ్చట ఉదయ సాయంకాలములందు వాహనములు చీమలబారువలె కదలును. ఊరు దాటిపోవు తూర్పు దారి, 130వ నంబరు రహదారి యొకటి కలదు. దానికి సుంకము చెల్లింపవలెను గాని పెద్దబండికి అది ప్రాణమునకు హాయి.

ఇప్పుడు బండిలోని నీటి లెక్క చూతము. మోటారు ఇంటిలో మూడు తొట్లుండును. మొదటిది మంచినీటి తొట్టి. రెండవది స్నానము చేసిన నీరు, గిన్నెలు కడిగిన నీరు చేరు తొట్టి. దానిని బూడిదనీటి తొట్టి అందురు. మూడవది మరుగుదొడ్డి నీరు చేరునది. అది నల్లనీటి తొట్టి. నడిమితరపు బండిలో మంచినీరు సుమారు 40 గాలన్లు, అనగా 150 లీటర్లు పట్టునని యనుకొందము. స్నానపుగదిలో జల్లు నిమిషమునకు ఏడు, ఎనిమిది లీటర్లు కురియును. ఒక్కొక్కరు ఐదేసి నిమిషములు జల్లు క్రింద నిలిచినచో, నలుగురు స్నానము ముగించుసరికి తొట్టి వట్టిపోవును. కాఫీకి నీరుండదు. మన ఇండ్లలో కుళాయి త్రిప్పినప్పుడు ఈ లెక్క మనకు తోచదు. మోటారు ఇంటిలో అది ప్రతి పూట ఎదురుగా వచ్చి నిలుచును. ఒళ్లు తడుపుకొని కుళాయి కట్టి, సబ్బు రుద్దుకొని మరల విప్పుట అచ్చటి అలవాటు. చెంబుతో పోసికొనుటయందు ఆరితేరిన మన పెద్దలకు ఇది క్రొత్త విద్య కాదు.

వచ్చిన నీటిని పొదుపు చేయుట చాలదు. పోవు నీటినికూడ గమనింపవలెను. ఈ సంగతి మేము తెలిసికొన్న విధము చెప్పుదుము. రెండేండ్ల క్రిందట ఏప్రిల్ మాసమున మా మేనల్లుని కుటుంబముతో డాలసునుండి ఇట్టి బండిలో ఆస్టిన్‌కు పోయితిమి. బస చేసిన తావున బండికి నీటి గొట్టము తగిలించు వసతి యుండెను. నీరు ఎడతెగక వచ్చుచున్నది గదాయని ఉదయమున అందరమును తీరికగా స్నానములు చేసితిమి. నాలుగవవారు లోపలికి పోయినంతనే స్నానపుగది నేల చీలమండల లోతు సబ్బు నీటితో నిండెను. కారణమేమి? మంచినీరు గొట్టమునుండి వచ్చుచుండెనే కాని, వాడిన నీరు పోవుటకు దారి లేదు. బూడిదనీటి తొట్టి నిండి నీరు వెనుకకు తన్నెను. తప్పు పూర్తిగా మాదే. మేనల్లుని అత్తగారు మంచి సలహాయే చెప్పుచున్నానను తలంపుతో, "సబ్బు నీళ్లే గదా బాబూ, ఆ చెట్టు మొదట విడిచిపెట్టరాదా, చెట్టుకైన దక్కును" అనిరి. "అత్తయ్యగారూ, ఇచ్చట నేలమీద చుక్కయైనను విడువరాదండీ" అని అతడు ఫలహారము మానుకొని, పరచిన పక్కలు చుట్టి, ఇంటినంతటిని కదలించి, మురుగు పారబోయుటకై ఏర్పరచిన స్థలమునకు నడపుకొనిపోయెను. ఆ నిషేధము వట్టి చాదస్తమని ఆ పూట మాకును తోచెను. మరునాడు ఊటలను చూచిన పిదపగాని అందలి మర్మము తెలియలేదు.

విద్యుత్తుకును ఇట్టి పరిమితియే కలదు. బస చేయు చోటులలో 30 ఆంపియర్ల కలుపును, 50 ఆంపియర్ల కలుపును ఉండును. 30 ఆంపియర్ల కలుపునుండి లభించునది ఇంచుమించు 3,600 వాట్లు. పైకప్పు మీది ఏసీ యంత్రము, అన్నము వండు కుక్కరు, మైక్రోవేవ్ మూడును ఒక్కసారి పనిచేసినచో మీట పడిపోవును. అన్నము ఉడుకునంతసేపు మైక్రోవేవు జోలికి పోకుండుట సులభమైన ఉపాయము. జనరేటరు నడిపించునప్పుడు విషవాయువు లోనికి రాకుండ చూచుకొనవలెను. కార్బన్ మోనాక్సైడును కనిపెట్టి మ్రోగు గంట పనిచేయుచున్నదో లేదో బండి తీసికొనునప్పుడే పరీక్షింపవలెను.

రాత్రి బండి ఎచ్చట నిలుపవలెను? ఊటలున్న జిల్కర్ పార్కులో రాత్రి బస చేయుటకు వీలు లేదు. పగలైనను అచ్చటి వాహనస్థలములు కార్ల కొరకు ఏర్పడినవి. సెలవు దినములలో అవియు నిండిపోవును. కావున బండిని వేరొకచోట నిలిపి, నగరపు బస్సులోనో అద్దె కారులోనో ఊటలకు పోవుట ఉత్తమము. మేము బస చేసినది మెకిన్నీ ఫాల్స్ అను రాష్ట్ర ఉద్యానవనము. అది నగర శాసనసభా భవనమునకు పదమూడు మైళ్ల దూరమున, ఒనియన్ క్రీకు అను వాగు ఒడ్డున నున్నది. నీటికిని విద్యుత్తునకును అచ్చట కలుపులు కలవు. మురుగునకు మాత్రము ఉమ్మడి స్థలమునకే పోవలెను. రాష్ట్ర ఉద్యానవనములలో రాత్రి బసకు ఐదు మాసముల ముందునుండియే చోటు కేటాయించుకొనవచ్చును. వారాంతములలోను, వసంతకాలపు సెలవులలోను ఆలస్యము చేసినవారికి చోటు దొరకదు. అక్టోబరులో జిల్కర్ పార్కున వరుసగా రెండు వారాంతములు పెద్ద సంగీతోత్సవము జరుగును. ఆ దినములు మన ప్రయాణమునకు తగినవి కావు.

ఒనియన్ క్రీకు పేరు జ్ఞాపకముంచుకొనుడు. ఊటల కథ ఆ వాగునుండియే మొదలగుచున్నది.

ఆస్టిన్ నగరమునకు నైఋతి దిక్కున నున్న గుట్టల ప్రాంతమంతయు సున్నపురాతి నేల. వాన నీటిలో నుండు స్వల్పమైన ఆమ్లగుణము యుగయుగములుగా ఆ రాతిని కరగించి, లోపల పగుళ్లను, సొరంగములను, గుహలను ఏర్పరచినది. ఎడ్వర్డ్స్ భూగర్భ జలాశయమని పేరొందినది ఇదియే. గుట్టలపై కురిసిన వాన వాగులలో ప్రవహించి, ఒక ప్రాంతమునకు వచ్చుసరికి వాగు అడుగుననున్న పగుళ్లలోనికి దిగిపోవును. బార్టన్, విలియంసన్, స్లాటర్, బేర్, లిటిల్ బేర్, ఒనియన్ అను ఆరు వాగులు ఈ విధముగా భూమిలోనికి నీరు పోయుచున్నవి. ఆ నీరు రాతి సొరంగముల వెంట పోయి, నగర మధ్యమున బార్టన్ ఊటలుగా మరల వెలుపడును. మహానంది కోనేటిలో అడుగుననున్న కాసు కనబడునంతటి స్వచ్ఛజలమును చూచినవారికి ఈ ఊట నీటి తేటదనమును వేరుగ వర్ణింప నక్కరలేదు.

సగటున సెకనుకు 50 ఘనపుటడుగుల నీరు, అనగా సుమారు 1,400 లీటర్లు, ఈ ఊటలనుండి వచ్చుచుండును. మా మోటారు ఇంటి మంచినీటి తొట్లు తొమ్మిదింటిని ఒక్క సెకనులో నింపునంతటి ధార యది. భూగర్భమునుండి వచ్చుటచే వేసవిలోను శీతకాలములోను దాని వేడిమి ఇంచుమించు ఒక్కటియే. 20, 21 సెంటిగ్రేడు డిగ్రీలు. వెలుపల ఎండ 38 డిగ్రీలున్నప్పుడు అందు దిగినవారికి ఒళ్లు ఝల్లుమనును. చలికాలపు ఉదయమున అదే నీరు నులివెచ్చగా తోచి, పైన ఆవిరి లేచుచుండును.

ఇంతవరకు వింత. ఇక భయము. మట్టి నేలలో ఇంకిన నీరు మెల్లమెల్లగా వడియకట్టబడును. సున్నపురాతి పగుళ్లలో దిగిన నీటికి అట్టి వడపోత దాదాపు లేదు. ఏ వాగు నీరు ఎచ్చట తేలునో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు హానిలేని రంగులను పగుళ్లలో పోసి పరీక్షించిరి. నీరు సమృద్ధిగా నున్న కాలమున ఆ రంగులు భూగర్భమున దినమునకు నాలుగు మైళ్లకు పైగా ప్రయాణము చేసి బార్టన్ ఊటలలో కనబడెను. అనగా ఎగువన గుట్టలపై ఒకరు పారబోసినది కొలది దినములలోనే దిగువన వేరొకరు స్నానము చేయు నీటిలో చేరవచ్చునన్నమాట. మేము బస చేసిన ఉద్యానవనము, ఒనియన్ క్రీకు నేలలోనికి దిగు తావునకు దిగువనున్నది. అచ్చట విడిచిన సబ్బు నీరు ఊటలకు పోదు, వాగులోనికే పోవును. ఆ పనియే ఎగువనున్న విడిదిలో చేసినచో పోవునది ఊటలకే. ప్రయాణికుడు తానెగువనున్నాడో దిగువనున్నాడో ఎరుగడు. కావుననే ఎచ్చటను చుక్క విడువరాదను నియమమేర్పడినది. "ఇంత చిన్న తొట్టి మురుగు ఇన్ని కోట్ల లీటర్లలో ఏమి చేయును?" అని అడుగవచ్చును. ఒక్క బండి మాట కాదు. ప్రతి బండివాడును ఆ మాటయే అనుకొనుట సంభవించును గదా!

ఈ లెక్క ఆస్టిన్ పౌరులు ముందే వేసికొనిరి. 1837లో విలియం బార్టన్ అను నతడు ఈ ఊటలచెంత కాపురము పెట్టి, తన కుమార్తెల పేర్లు వీనికి పెట్టెను. అతనికి పూర్వము టొంకావా మొదలగు ఆదివాసి జాతులు ఈ నీటిని సేవించుచుండిరి. 1917లో ఆండ్రూ జిల్కర్ అను వర్తకుడు ఊటలతోకూడిన భూమిని ప్రజలపరము చేసెను. పిమ్మట వాగునకు కట్టలు కట్టి, మూడెకరముల ఈతకొలనుగా తీర్చిరి. నేడు కనబడు స్నానగృహము 1947 నాటిది. ఐతే ప్రజల కొలను అన్నంతనే ప్రజలందరి కొలను కాలేదు. నల్లజాతివారికి అందు ప్రవేశము లేకుండెను. 1960లో జోన్ మీన్స్ అను నల్లజాతి విద్యార్థిని ఆ నిషేధమును లెక్కసేయక నీటిలో దుమికెను. తరువాత ఆమెవెంట అనేకులు దుమికిరి. కొలది సంవత్సరములలో ఆ నిషేధము తొలగెను.

రెండవ పోరాటము నీటికొరకే. బార్టన్ క్రీకు ఎగువన నాలుగువేల ఎకరములలో ఇండ్లు, గోల్ఫు మైదానములు నిర్మింపదలచిన యోజన 1990 జూన్ 7వ తేదీన నగర సభ ముందుకు వచ్చెను. ఎనిమిదివందలమందికి పైగా పౌరులు మాటలాడుటకు పేర్లిచ్చిరి. ఆ సభ రాత్రియంతయు సాగెను. తెల్లవారునప్పటికి యోజన త్రోసివేయబడెను. 1992 ఆగస్టులో పౌరులు తామే ప్రతిపాదించిన చట్టమును వోటు వేసి నెగ్గించుకొనిరి. నీరు ఇంకు భూములలో క్రొత్త కట్టడములు, సిమెంటు, తారు కలిసి స్థలములో నూటికి పదునైదు పాళ్లకు మించరాదని ఆ చట్టము శాసించినది. 1998లో ఎగువ భూములను నగరమే కొని కట్టడములు లేకుండ ఉంచుటకై ఋణపత్రములకును వోటు వేసిరి. ఎన్నడో ఒకనాడు ఈదుటకు వచ్చు చోటికొరకు, ఇరువది మైళ్ల యెగువనున్న భూమిని కాపాడుటకు పౌరులు తమ పన్నుల డబ్బు నిచ్చిరన్నమాట.

వారి భయము ఊహ కాదు. ఆస్టిన్‌కు దాపుననే వింబర్లీ అను చిన్న ఊరియొద్ద జేకబ్స్ వెల్ అను ప్రసిద్ధమైన ఊటబావి కలదు. అది వేరొక భూగర్భ జలాశయమునుండి వచ్చునది. ఎన్ని కరవులలోను ఆగినట్లు నమోదు లేని ఆ ధార 2000 సంవత్సరమున మొదటిసారిగా ఆగిపోయెను. ఆ పిమ్మట మరల మరల ఆగెను. 2022 వేసవిలో అందు ఈత నిలిపివేసిరి. చుట్టుపట్ల బోరుబావులు పెరుగుట, వానలు తగ్గుట రెండును కారణములే. బార్టన్ ఊటల ధారయు 1956 నాటి మహా కరవులో సెకనుకు 10 ఘనపుటడుగులకు, అనగా సగటులో అయిదవ వంతునకు దిగిపోయెను. నాటికంటె నేడు ఆ భూమిపై జనము ఎన్నో రెట్లు. బోరు మీద బోరు వేసి ఊరబావులు ఎండగొట్టుకొన్న మనకు ఈ కథను వేరుగ విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ ఊటలలో మనుష్యులకంటె ముందునుండి కాపురమున్న ప్రాణి యొకటి కలదు. బార్టన్ స్ప్రింగ్స్ సాలమాండరు అని దాని పేరు. చూచుటకు బల్లి పిల్లవలె రెండు, రెండున్నర అంగుళములుండును. జాతికి మాత్రము కప్పలకు చుట్టము. మెడకిరుప్రక్కల ఎఱ్ఱని మొప్పలతో జీవితమంతయు నీటిలోనే గడుపును. 1997లో దీనిని అంతరించు ప్రమాదమున నున్న జాతిగా ప్రకటించిరి. 2013లో దీని దాయాదియైన గ్రుడ్డి సాలమాండరును ఆ పట్టికలో చేరినది. వీని కొరకే ఈ కొలనులో క్లోరిను మొదలగు మందులు కలుపరు. గురువారమునాడు ఉదయము తొమ్మిదినుండి సాయంకాలము ఏడుగంటలవరకు కొలను మూసి, చీపుళ్లతోను నీటిధారతోను అడుగు శుభ్రపరచుదురు. కావున ఆస్టిన్ ప్రయాణమున గురువారమును స్నానదినముగా పెట్టుకొనరాదు. దూరమునుండి పోయి మూసిన గేటు చూచి వెనుదిరిగినవారిని మేమెరుగుదుము.

స్నానమునాటి ఏర్పాట్లు కొన్ని చెప్పి ముగింతుము. తెల్లవారినపిదప తొలిగంటలలో పోవుట మేలు. జనము తక్కువ, ఎండ తక్కువ. నగరవాసులకంటె పరదేశులకు ప్రవేశ రుసుము ఎక్కువ. ఆహారపదార్థములు, గాజు సీసాలు, మద్యము లోనికి తీసికొనిపోరాదు. పులిహోర పొట్లములు బండిలోనే ఉంచి, వెలుపల పచ్చికపై కూర్చుండి తినవచ్చును. కొలను ఒక కొసన లోతు లేదు. మరియొక ప్రక్కకు పోయిన కొలదిని 18 అడుగుల వరకు దిగును. అడుగున గులకరాళ్లు, పాచియు నుండును. ఈత రానివారు లోతు లేని కొసననే దిగవలెను. చీర, పంచె నీట బరువెక్కి కాళ్లకు చుట్టుకొనును. ఈతకొరకు అమ్ము బిగువైన చేతుల చొక్కా, పొడవు లాగు మన స్త్రీలకు మర్యాదగాను క్షేమముగాను ఉండును. గుండెజబ్బు, రక్తపు పోటు గలవారు మండుటెండనుండి వచ్చి ఒక్కసారిగా దుముకరాదు. పాదములు, మోకాళ్లు, నడుము తడుపుకొని మెల్లగా దిగవలెను. తలంటు నూనె రాచుకొని దిగుట మనకు వేడుక కావచ్చును. అచ్చట అది కూడదు. స్నానగృహమున ఒళ్లు కడుగుకొని మరి కొలనులో దిగవలెను. ఎండకు ఒంటికి రాచుకొను లేపనములకంటె ఒంటిని కప్పు వస్త్రము ఊటకు మేలు.

ఆకాశమునుకూడ ఒక కంట చూచుచుండవలెను. రాతి నేలపై కురిసిన జడివాన ఇంకుటకు తావులేక గడియలలో వాగులను నింపును. పెద్దవానకు బార్టన్ క్రీకు పొంగి కొలనుపైగా పారును. అప్పుడు కొలను మూసివేయుదురు. ఒనియన్ క్రీకునకు 2013లోను, 2015లోను తీవ్రమైన వరదలు వచ్చెను. 2025 జూలై 4వ తేదీ తెల్లవారుజామున గ్వాడలూపె నదికి వచ్చిన వరద వందమందికి పైగా ప్రాణములను బలిగొన్నది. ఒడ్డునున్న మోటారు ఇండ్లును కొట్టుకొనిపోయెను. కావున బస కోరునప్పుడు నీటి ఒడ్డు ముచ్చటగా నున్నదని మురియక, మెరకనున్న చోటు కోరవలెను. రాత్రి నిద్రించునప్పుడు హెచ్చరికలు వినబడునట్లు ఫోను మ్రోత ఆపక యుంచవలెను. బ్యాటరీ రేడియో యొకటి దగ్గరనుండుట మరియు మంచిది. రోడ్డు మీదుగా నీరు పారుచున్నచో, బండి ఎంత పెద్దదైనను అందు దింపరాదు.

మా ప్రయాణపు చివరి దినమున తిరుగుదారి పట్టకముందు మరల మురుగు స్థలమునకు పోయితిమి. మా ముందు మూడు బండ్లు వేచియుండెను, అరగంట పట్టెను. మొదటి దినమున చెట్టు మొదటి సలహా చెప్పిన ఆ పెద్దావిడ ఈసారి తామే క్రిందికి దిగి, గొట్టము సరిగా బిగించినారో లేదోయని వంగి చూచుచుండిరి. ముందటి దినమున వారు నీటిలో దిగలేదు. గట్టున కూర్చుండి పాదములు మాత్రము ఆనించి, అడుగుననున్న రాళ్లను లెక్కించుచు గంటసేపు గడపిరి. "ఇంత తేట నీరు నా చిన్నతనములో మా ఊరి బావిలో చూచితిని, మరల ఇప్పుడే" అని వారనిరి. ఆ బావి యేమైనదని మేమడుగలేదు, వారును చెప్పలేదు.

పిల్లలు ఇట్టి ప్రయాణమునకు పిలిచినప్పుడు మొగమాటపడక పోవుడు. పోవుటకు ముందు మాత్రము, నీరు ఎచ్చటినుండి, నీరు ఎచ్చటికి అని రెండు మాటలు వారిని తప్పక అడుగుడు. బదులు తెలియకున్నచో బదులు వెదకుటకు వారితో కూర్చుండుడు. ప్రయాణ సన్నాహములో సగము అచ్చటనే పూర్తియగును.